ఎవరిని అడిగి గీశారు?

పటం ముందు కూర్చుంటే నాకు పొద్దు తెలియదు. అందులోనూ పాత పటం, అందులోనూ కొండల పటం. అమెరికా ప్రభుత్వ సంస్థ యు.ఎస్. జియలాజికల్ సర్వే 1884 నుంచి 2006 దాకా అచ్చువేసిన, నేల ఎత్తుపల్లాలు చూపే టోపోషీట్లను, 1,78,000కు పైగా, స్కాన్ చేసి ఎవరికైనా ఉచితంగా ఇస్తోంది. ఊరి పేరు కొడితే చాలు, ఆ చోటు షీట్లన్నీ ఏళ్ల వరసన వచ్చి నిలబడతాయి. ఒకే లోయ, ఒకే కొండ. తాతల కాలంలో ఎలా గీశారు, తండ్రుల కాలంలో ఎలా గీశారు, ఇప్పుడెలా గీస్తున్నారు, అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడొచ్చు.

నేను ఉండేది కొలరాడోలో. అందుకని నా చూపు ఎక్కువగా ఈ రాష్ట్రం వాయవ్య భాగంలోని వైట్ రివర్ లోయ మీద, దాని పైన బల్లపరుపుగా లేచిన ఫ్లాట్‌టాప్స్ కొండల మీద నిలుస్తుంది. కింద గడ్డి మైదానాలు, ర్యాంచులు. పైకి పోయేకొద్దీ ఆస్పెన్ తోపులు, ఇంకా పైకి పోతే స్ప్రూస్ అడవి. ఎండాకాలం మొదలవగానే పశువుల మందలు, గొర్రెల మందలు కొండెక్కుతాయి. మంచు పడేలోగా దిగుతాయి. ఈ ఎక్కడం, దిగడం చుట్టూనే ఇక్కడి బతుకూ, తగాదాలూ, చట్టాలూ, పటాలూ అల్లుకున్నాయి.

ఈ షీట్లు చూడగా చూడగా నాకు ఒకటి బోధపడింది. పటం సరిగ్గా ఉందా అన్నది రెండో ప్రశ్న. ఎవరిని అడిగి గీశారన్నది మొదటి ప్రశ్న. ఎవరిని అడిగితే వాళ్ల లోకం కాగితం మీదికి ఎక్కుతుంది. అడగనివాళ్ల లోకం ఎంత పెద్దదైనా అక్కడ తెల్లగా మిగిలిపోతుంది.

ముందు ఈ షీటు ఎలా పుట్టేదో చెప్పాలి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సర్వేయరు మూడుకాళ్ల బల్ల ఒకటి, దాని మీద పెట్టి దూరపు గుర్తుల్ని చూసే అలిడేడ్ అనే సాధనం, ఇంకా గుడారం, తిండి సామాను కంచర గాడిదల మీదికెక్కించుకుని కొండల్లోకి బయల్దేరేవాడు. శిఖరం ఎక్కి, బల్ల నిలబెట్టి, కాగితం పరిచి, కళ్లెదుట ఉన్న నేలను అక్కడికక్కడే గీసేవాడు. కొన్ని బిందువుల ఎత్తు కొలత వేసి తెలుసుకునేవాడు. మిగిలిన వంపులన్నీ కంటి లెక్క, చేతి నేర్పు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ గీసేదే కాంటూరు గీత. ఎండాకాలం చెరువు తగ్గేకొద్దీ గట్టు మీద ఒకదాని కింద ఒకటి మిగిలే నీటి మరకల్ని గుర్తు తెచ్చుకుంటే చాలు, కాంటూరు అంటే ఏమిటో అర్థమైనట్టే. గీతలు దగ్గరదగ్గరగా ఉంటే నిటారు కొండ, దూరదూరంగా ఉంటే మేత మేయడానికి అనువైన వాలు.

ఆ చిత్తు ప్రతిని ఆఫీసులో రాగి పలకల మీద చెక్కేవాళ్లు. నేల ఎత్తుపల్లాలకు గోధుమరంగు పలక, నీళ్లకు నీలం పలక, మనిషి చేసిన వాటికి నలుపు పలక. ఇళ్లు, దారులు, సరిహద్దులు, పేర్లు, అన్నీ నలుపే. అడవికి ఆకుపచ్చ తర్వాతి కాలంలో వచ్చి చేరింది. ఈ రంగుల విభజన నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. ఒక చోటి షీట్లు ఏళ్ల వరసన పేర్చి చూస్తే గోధుమరంగు దాదాపుగా కదలదు. మెరుగైన కొలతల వల్ల కొంత సర్దుకుంటుంది, అంతే. నీలం కొద్దిగా మారుతుంది. నలుపు మాత్రం ప్రతిసారీ కొత్త కథ చెబుతుంది. ఆ నలుపు ఎవరి మాట మీద వచ్చిందన్నదే నా ప్రశ్న.

ఈ లోయకు వచ్చిన తొలి మంచి పటం జియలాజికల్ సర్వే పుట్టకముందుదే. ఫెర్డినాండ్ హేడెన్ నాయకత్వంలో 1870ల్లో కొలరాడో అంతా సర్వే చేసి 1877లో ఒక అట్లాసు వెలువరించారు. అంగుళానికి 4 మైళ్లు, 200 అడుగులకొక కాంటూరు. ఆ బృందంలో భూగర్భ శాస్త్రవేత్త ఆర్కిబాల్డ్ మార్వైన్ ఉన్నాడు. 1876లో, అట్లాసు రాకముందే చనిపోయాడు. ఆయన పేరు ఈనాటికీ ఫ్లాట్‌టాప్స్‌లో మార్వైన్ వాగుగా, మార్వైన్ సరస్సులుగా ఉంది. ఆ అట్లాసులో ఆర్థిక పటం అని ఒక షీటు ఉంది. వ్యవసాయ భూమి ఒక రంగు, పశువుల మేత భూమి ఒక రంగు, పైన్ అడవి ఒకటి, ఆస్పెన్ తోపులు ఒకటి, బొగ్గు ఒకటి, బంగారం వెండి ఒకటి. చూడటానికి ఎంత అందమైన పటమో. రంగులద్దిన చేతుల శ్రద్ధ ప్రతి అంగుళంలోనూ కనిపిస్తుంది.

అయితే ఆ పటం అచ్చయ్యే నాటికి కొలరాడో పడమటి భాగంలో పెద్ద భూభాగం అక్కడి ఆదివాసులైన యూట్ ప్రజలది. 1868 ఒప్పందం ప్రకారం వాళ్లకు రాసిచ్చిన నేల. వైట్ రివర్ లోయ అందులోదే. ఆ రిజర్వేషను సరిహద్దు గీత అట్లాసులో ఉంది. గీత లోపల కూడా మేత భూమి రంగు, కలప రంగు పూసి ఉన్నాయి. ఆ గడ్డి ఎవరి గుర్రాలు మేస్తున్నాయి, ఏ కాలంలో ఏ లోయకు దిగుతున్నాయి, ఏ ఊట ఎండాకాలం నిలుస్తుంది, ఇవన్నీ చెప్పగలిగిన మనుషులు ఆ లోయలోనే ఉన్నారు. ఆ ఆర్థిక పటంలోని వర్గాలు వాళ్ల లెక్క ప్రకారం వేసినవి కావు. రాబోయేవాళ్ల లెక్క ప్రకారం వేసినవి. ఎవరు రావాలో, వచ్చి ఏం చేసుకోవాలో ఆ రంగులు ముందే చెప్పేశాయి.

రెండేళ్లు తిరిగేసరికి అదే జరిగింది. వైట్ రివర్ ఏజెన్సీకి ప్రభుత్వ ప్రతినిధిగా వచ్చిన నేథన్ మీకర్ యూట్ వాళ్లను రైతులుగా మార్చాలనుకున్నాడు. వాళ్ల గుర్రాలు మేసే బీడును, గుర్రప్పందాలు వేసుకునే చోటును నాగళ్లతో దున్నించాడు. తగవు ముదిరి సైన్యం బయల్దేరింది. 1879 సెప్టెంబరు 29న మిల్క్ క్రీక్ దగ్గర యుద్ధం మొదలైంది. అదే రోజు ఏజెన్సీలో మీకర్‌నీ అక్కడి ఉద్యోగుల్నీ యూట్ యోధులు చంపేశారు. 1881 నాటికి వైట్ రివర్ యూట్ ప్రజల్ని అక్కడి నుంచి యూటా రిజర్వేషనుకు తరలించారు. ఈనాటి షీటులో ఆ లోయలోని ముఖ్యమైన పట్టణం పేరు మీకర్. గుర్రాల బీడు దున్నించిన మనిషి పేరు నల్లటి పెద్ద అక్షరాల్లో ఉంది. ఆ బీడు ఎవరిదో వాళ్ల జ్ఞాపకం ఫ్లాట్‌టాప్స్ మీదుగా పోయే ఒక కాలిబాట పేరులో, ఒకటి రెండు వాగుల పేర్లలో మిగిలింది.

జియలాజికల్ సర్వే పుట్టింది కూడా ఆ 1879లోనే, మార్చి 3న. 1881లో దాని పగ్గాలు అందుకున్నవాడు జాన్ వెస్లీ పావెల్. అంతర్యుద్ధంలో ఒక చెయ్యి పోగొట్టుకుని, కొలరాడో నదిలో పడవల మీద దిగి వచ్చిన మనిషి. ఎండు నేలల గురించి ఆయన 1878లో ఇచ్చిన నివేదికను నేను తలుచుకోని రోజు ఉండదు. అప్పటికి అమెరికా భూమిని ఆరు మైళ్ల చదరాలుగా, వాటిని 36 సెక్షన్లుగా, సెక్షనుకు 640 ఎకరాల చొప్పున గళ్లు గళ్లుగా కోసి పంచుతున్నారు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద కుటుంబానికి 160 ఎకరాలు. తూర్పున వానలు పడే నేలలో అది చక్కగా సరిపోయింది. పడమట వాన లేదు. ఒక గడిలో నీళ్లుంటే చుట్టూ ఉన్న గళ్లన్నీ ఎండే. నీళ్లున్న గడి ఎవడికి దొరికితే చుట్టూ ఉన్న గడ్డి అంతా వాడిదే అయిపోతుంది.

పావెల్ చెప్పింది సూటిగా ఉంది. మేత భూమి అయితే కుటుంబానికి 2,560 ఎకరాలు కావాలి, అంటే నాలుగు చదరపు మైళ్లు. ఆ కమతాలకు చదరపు అంచులు ఉండనక్కర్లేదు. నీటి ఒడ్డు అందరికీ అందేలా, నేల వంపును బట్టి అంచులు గీయాలి. ముందు దేశమంతా కాంటూరు పటాలు గీయాలి, నీళ్లు ఎటు పారతాయో చూడాలి, ఆ తర్వాత మనుషుల్ని కూర్చోబెట్టాలి. ఒక్కొక్క నదీ లోయ ప్రజలు తమ నీళ్లనూ అడవినీ మేతనూ తామే కలిసి చూసుకోవాలి. సరిహద్దు ఎక్కడ గీయాలో గోధుమరంగు గీతను అడగమన్నాడు ఆయన.

ఎవరూ అడగలేదు. భూమి త్వరగా పంచాలన్నవాళ్లు, కొనాలన్నవాళ్లు, అమ్మాలన్నవాళ్లు కాంగ్రెసులో ఎక్కువ మంది. పడమటి నీటిపారుదల సర్వేకి 1890లో నిధులు కోసేశారు. 1894లో పావెల్ దిగిపోయాడు. మేతకోసం సెక్షనంత భూమి, అంటే 640 ఎకరాలు ఇచ్చే చట్టం 1916లో గానీ రాలేదు. వచ్చినా పావెల్ చెప్పినదాంట్లో అది నాలుగో వంతు. ఇప్పుడు ఏ ర్యాంచ్ ప్రాంతపు షీటు తెరిచినా ఈ ఓటమి కళ్లకు కడుతుంది. గోధుమరంగు గీతలు వాగు వెంట మెలికలు తిరుగుతుంటాయి. వాటి మీద నుంచి సెక్షను గీతలు కొండనీ లోయనీ చూడకుండా తిన్నగా పోతుంటాయి. కొన్నిచోట్ల గీత కొండ అంచు నుంచి గాల్లోకి దూకి అవతలి గట్టున దిగుతుంది. ఆ గీత వెంట కంచె వేయమంటే ఏ మనిషి వేయగలడు?

ఈ లోయ షీట్లలో ఇంకొక గీత ఉంది, అడవి సరిహద్దు. 1891 అక్టోబరు 16న అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ వైట్ రివర్ పీఠభూమిని రిజర్వు అడవిగా ప్రకటించాడు. దేశంలో అది రెండోది, మొదటిది అదే ఏడు ఎల్లోస్టోన్ పక్కన ఏర్పడింది. 1905లో ఈ అడవులన్నీ గిఫర్డ్ పించో చేతిలోని ఫారెస్ట్ సర్వీసుకు వచ్చాయి. మరుసటి ఏడు నుంచే మంద తోలాలంటే పర్మిటు, తలకింత రుసుము. తెలుగువాళ్లకు దీని పేరు చెప్పనక్కర్లేదు. పుల్లరి.

ఇక్కడ కొలరాడోకూ మన అడవులకూ నిజంగానే ఒక చుట్టరికం ఉంది. పించో యూరప్‌లో అడవుల చదువు చదివేటప్పుడు ఆయనకు గురువుగా దారి చూపినవాడు డీట్రిచ్ బ్రాండిస్. ఆ బ్రాండిసే 1864 నుంచి బ్రిటిష్ ఇండియా అడవులకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్. 1880ల మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చి అడవుల పాలనను ఎలా దిద్దాలో సలహాలిచ్చాడు. 1882 మద్రాసు అటవీ చట్టం ఆ రోజుల్లోదే. ఆ చట్టం నీడలోనే పల్నాడులో పశువుల మేతకు పుల్లరి కట్టమన్నారు. కట్టమన్నందుకు 1922లో కన్నెగంటి హనుమంతు ప్రాణం పోయింది. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన కొండజనం గుండెల్లో మండింది కూడా అటవీ నిబంధనల బాధే. రిజర్వు అంటూ ఒక గీత గీయడం, గీత లోపలికి వచ్చేవాడి దగ్గర డబ్బు వసూలు చేయడం, ఈ పద్ధతి రెండు ఖండాల్లో దాదాపు ఒకే కాలంలో, ఒకే గురువు ఆశీస్సులతో పాకింది.

కొలరాడోలో ఆ గీత మీద కోర్టుకెళ్లినవాడు ఫ్రెడ్ లైట్ అనే ర్యాంచరు. హోలీ క్రాస్ రిజర్వు అడవి దగ్గర ఆయన ర్యాంచ్. ఇప్పుడా అడవి వైట్ రివర్ జాతీయ అడవిలో భాగం. 500 పశువుల మంద. పర్మిటు తీసుకోకుండా వదిలేశాడు. పశువులు అలవాటైన గడ్డికి అవే నడిచిపోయాయి. ఆయన వాదన ఒకటే. కొలరాడో చట్టం ప్రకారం పశువులు రాకూడదనుకున్నవాడే కంచె వేసుకోవాలి, అడవికి కంచె ఏది? 1911లో అమెరికా సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఆ భూమి ప్రభుత్వానిది, ఎవరు రావాలో ఎలా రావాలో చెప్పే హక్కు ప్రభుత్వానిదేనంది. అంటే పటం మీది గీతకు నేల మీద కంచె అక్కర్లేదు.

ఆ తీర్పు వల్ల నష్టమే జరిగిందని నేననను. అడ్డూ అదుపూ లేకుండా మేపిన మందలు పడమటి కొండల గడ్డిని అప్పటికే వేళ్లదాకా కొరికేశాయి. నీళ్లు పుట్టే చోట్లు పాడయ్యాయి. ఎవరో ఒకరు లెక్క పెట్టాల్సిందే. అయితే లెక్క పెట్టేవాడు అక్కడ మేపుకునేవాడితో కూర్చుని గీసిన గీత నిలుస్తుంది. వాషింగ్టన్ నుంచి గీసుకొచ్చిన గీతకు పోలీసు కావాలి. ఫారెస్ట్ సర్వీసుకు కూడా ఇది క్రమంగా తెలిసొచ్చింది. పర్మిటుదారుల సంఘాలతో మాట్లాడి మేత హద్దులు, మంద ఎక్కే తేదీలు ఖాయం చేసుకోవడం మొదలుపెట్టింది. తర్వాతి దశాబ్దాల షీట్లు చూస్తే ఆ మాటామంతీ జాడలు దొరుకుతాయి. మంద నడిచే దారికి గీత, దాని పక్కన పేరు. కాపరుల వేసవి మకాంకు చిన్న నల్ల చదరం, పక్కన కౌ క్యాంప్ అని రాత. పశువుల దొడ్డి, నీళ్ల తొట్టి, గాలిమర, ఊట.

ఇరవయ్యో శతాబ్దం మధ్య నాటి షీట్లంటే నాకు ప్రాణం. అంగుళానికి 2,000 అడుగుల స్కేలు, అక్షాంశ రేఖాంశాల్లో ఏడున్నర నిమిషాల షీట్లు. అలాస్కా, హవాయి పోను మిగిలిన 48 రాష్ట్రాలకు 55,000 పైచిలుకు. అప్పటికి విమానం నుంచి ఫొటోలు తీసి, జంట ఫొటోల్ని కలిపి చూస్తూ కాంటూరు గీసే యంత్రాలు వచ్చేశాయి. అయినా షీటు అచ్చుకు పోయేముందు ఒక మనిషి దాన్ని పట్టుకుని నేల మీదికి వెళ్లేవాడు. ర్యాంచ్ తలుపు తట్టి, ఈ వాగును మీరేమంటారు, ఆ లోయకు పేరుందా, ఈ దారి ఇంకా నడుస్తోందా అని అడిగేవాడు. కాలువలకు తవ్వినవాళ్ల ఇంటిపేర్లుంటాయి ఆ షీట్లలో. కొలరాడోలో నీటి హక్కు ముందు వాడుకున్నవాడిది. అందుకని కాలువ పేరు చెబితే ఏ కుటుంబం ముందొచ్చిందో కూడా చెప్పినట్టే.

ఆ షీట్ల అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది. సన్నటి ఎర్ర చుక్కల గీతలు విమానం ఫొటోల్లో కనిపించిన కంచెలు, పొలం గట్లు అనీ, ఆ సమాచారాన్ని సరిచూడలేదనీ. ఎంత నిజాయతీ! పైనుంచి చూసింది ఏదో, కిందికి దిగి అడిగింది ఏదో వాళ్లు వేరుచేసి చెప్పారు. రెండిటికీ తేడా ఉందని వాళ్లకు తెలుసు.

ఒక ఎండాకాలం ఆ షీట్లలో ఒకదాన్ని పెద్దగా అచ్చు తీయించుకుని వైట్ రివర్ ఎగువకు వెళ్లాను. రోడ్డు పక్కన గేటు బిగిస్తున్న ఒక ముసలి ర్యాంచరుకు చూపించాను. ఆయన గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకుని, కాగితాన్ని ట్రక్కు ముందుభాగం మీద పరిచి, ముడతలు అరచేత్తో సర్దాడు. వేలు పెట్టి వరసగా చెప్పుకుంటూ పోయాడు. ఈ ఊట ఎండిపోయింది. ఈ దొడ్డి మా నాన్న కట్టింది, మంచు బరువుకు పడిపోతే కిందికి మార్చాం. ఈ దారి అప్పుడు గుర్రాలకే, తర్వాత జీపు పోయేది, ఇప్పుడు చెట్లు మూసేశాయి. కొత్త మ్యాపు ఫోన్లో తెరిచి చూపిస్తే ఒక్క క్షణం చూసి తిరిగిచ్చేశాడు. అందులో ఆయనకు చెప్పడానికి ఏమీ లేదు.

పైకి నడిచి ఆస్పెన్ తోపులోకి వెళ్తే ఇంకొక సంగతి కనిపించింది. ఆస్పెన్ బెరడు తెల్లగా, నున్నగా ఉంటుంది. దాని మీద కత్తి మొనతో సన్నగా గీస్తే ఏళ్లు గడిచేకొద్దీ ఆ గాటు నల్లగా ఉబ్బి వెడల్పవుతుంది. ఈ కొండల్లో గొర్రెలు కాసినవాళ్లు బాస్క్, గ్రీకు, స్పానిష్ కాపరులు. ఇప్పుడు ఎక్కువగా పెరూ దేశం నుంచి కాంట్రాక్టు వీసాల మీద వస్తున్నారు. నెలల తరబడి ఒంటరిగా కొండ మీద ఉండే ఆ మనుషులు చెట్ల మీద తమ పేరు, ఊరు, సంవత్సరం చెక్కుకున్నారు. గుర్రం బొమ్మలు, ఆడవాళ్ల బొమ్మలు, ఇంటి బొమ్మలు. ఆస్పెన్ ఎక్కువ కాలం బతికే చెట్టు కాదు. చెట్టు పడిపోతే పేరూ పోతుంది. కొండలో ప్రతి రాయీ ఎరిగిన ఈ కాపరి పేరు ఏ షీటులోనూ దొరకదు. ర్యాంచరు తలుపు తట్టిన సర్వేయరు కాపరి గుడారం దగ్గర ఆగి అడిగి ఉంటే ఇంకెన్ని వాగులకు ఇంకెన్ని పేర్లు ఉండేవో.

ఈ షీట్లలో ఆకుపచ్చ గురించి కూడా చెప్పాలి. అది అడవి రంగని అందరం అనుకుంటాం. సర్వే వాళ్ల నిర్వచనం చూస్తే చెట్లు లేదా పొదలు కనీసం ఆరడుగుల ఎత్తుండాలి, సైనికులు దాక్కునేంత దట్టంగా ఉండాలి. అంటే ఆ రంగు సైన్యం అవసరానికి జవాబు. ఏ చెట్టో అది చెప్పదు. ముసలిదో లేతదో, బతికుందో చచ్చిందో చెప్పదు. 1939లో పెద్ద గాలివాన వైట్ రివర్ పీఠభూమి మీద స్ప్రూస్ చెట్లను కుప్పలుగా పడగొట్టింది. పడిన మానుల్లో బెరడు పురుగు పెరిగి, 1940ల్లో నిలబడ్డ అడవి మీదికి పాకి, కొండలకు కొండల్ని ఎండగొట్టింది. మానులు బూడిద రంగులో అలాగే నిలబడి ఉన్నాయి. సైనికుడు వాటి వెనక కూడా దాక్కోగలడు, కాబట్టి షీటులో ఆకుపచ్చే. 2002లో బిగ్ ఫిష్ అనే కార్చిచ్చు మంటలు ఫ్లాట్‌టాప్స్‌లోని ట్రాపర్స్ సరస్సు చుట్టూ అడవినీ, అక్కడి పాత లాడ్జినీ కాల్చేశాయి.

ఆ ట్రాపర్స్ సరస్సు దగ్గరే సర్వేకి వెళ్లిన ఒక మనిషి చేసిన పని నాకు ఎంతో ఇష్టం. 1919లో ఫారెస్ట్ సర్వీసు ఆర్థర్ కార్‌హార్ట్ అనే యువకుణ్ణి సరస్సు చుట్టూ రోడ్డుకూ వేసవి ఇళ్ల ప్లాట్లకూ సర్వే చేసి రమ్మంది. చెప్పిన కొలతలు చేశాడు. తిరిగి వచ్చి, అక్కడ రోడ్డూ వద్దు, ఇళ్లూ వద్దు, సరస్సును అలాగే వదిలేయమని పై అధికారికి చెప్పాడు. ఆశ్చర్యం, వాళ్లు విన్నారు. 1964లో వచ్చిన అరణ్య సంరక్షణ చట్టం వెనక ఉన్న ఆలోచనకు ఆ సరస్సు తొలి మెట్లలో ఒకటి. 1975లో ఫ్లాట్‌టాప్స్ ఆ చట్టం కిందికి వచ్చింది. ఏం గీయాలో అందరికీ తెలుసు. ఏం గీయకూడదో తెలుసుకోవడానికి ఆ నేల మీద కొన్నాళ్లు బతకాలి. కార్‌హార్ట్ అది చేశాడు.

2009 నుంచి జియలాజికల్ సర్వే కొత్త షీట్లు కంప్యూటరు మీద తయారు చేస్తోంది. దేశమంతటికీ ఉన్న డిజిటల్ సమాచారం నుంచి మూడేళ్లకోసారి కొత్తది పుడుతుంది. ఎత్తుల కొలత మునుపెన్నడూ లేనంత కచ్చితం. విమానం నుంచి లేజరు కిరణాలు పంపి చెట్ల కింది నేలను కూడా చదువుతున్నారు. గోధుమరంగు గీత ఇంత సరిగ్గా ఎప్పుడూ లేదు. నలుపు మాత్రం పలచబడింది. దొడ్డి, గాలిమర, చిన్న పైపు, కంచె లాంటివి దేశమంతా ఒకే తీరుగా ఏ డేటాబేసులోనూ లేవు. లేనివి షీటులోకి రావు. మనిషిని పంపి సరిచూడాలంటే ఖర్చు ఎక్కువ. అందుకని పంపడం మానేశారు. ఆ ఖర్చు సంగతి నాకూ తెలుసు. దాని బదులు మనం ఏం చెల్లిస్తున్నామో కూడా తెలియాలని నా కోరిక. 1877 పటం యూట్ ప్రజల్ని అడగలేదు. 1950ల పటం ర్యాంచరును అడిగింది, కాపరిని అడగలేదు. ఇప్పటి పటం నేల మీదికి దిగి ఎవరినీ అడగడం లేదు.

ఇదంతా పాత కాగితాల మీద మమకారమని ఎవరైనా అనుకోవచ్చు. కానీ పడమటి రాష్ట్రాల్లో అడవి గుండా పోయే పాత దారులు ప్రజలవా కావా అన్న దావాల్లో ఈ షీట్లే సాక్ష్యంగా కోర్టుకెక్కుతాయి. 1866 నాటి చట్టం ఇచ్చిన దారి హక్కును 1976లో రద్దు చేశారు. అప్పటికే ఉన్న దారుల హక్కు మాత్రం నిలిచింది. దారి అప్పటికే ఉందని చూపడానికి పాత షీటులోని ఒక చుక్కల గీత కావాలి. సర్వేయరు ఒకరోజు ఎవరినో అడిగి గీసిన గీత, అడిగినవాడూ చెప్పినవాడూ పోయాక, మాట్లాడుతుంది.

మన దగ్గర 2006 అటవీ హక్కుల చట్టం ఈ విషయంలో గొప్ప పని చేసింది. ఆ చట్టం నియమాల్లో అడవి మీద హక్కుకు ఏవి సాక్ష్యాలో జాబితా ఉంది. అందులో పటాలున్నాయి, ఉపగ్రహ చిత్రాలున్నాయి, బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. వాటితోపాటు ఊరి పెద్దలు చెప్పి రాయించిన వాంగ్మూలం కూడా ఉంది. అడగడాన్ని చట్టమే సాక్ష్యంగా ఒప్పుకుంది. పల్నాడులోనూ మన్యంలోనూ ఎవరూ అడగకుండా గీసిన గీతల బాధ తెలిసినవాళ్లకు ఆ ఒక్క పంక్తి ఎంత బరువైనదో అర్థమవుతుంది.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ఊళ్లలో డ్రోన్లతో రీసర్వే సాగుతోంది. కొలతలు బాగానే వస్తాయి, అందులో నాకు సందేహం లేదు. డ్రోను అడగలేనివి మాత్రం మనమే అడగాలి. మీ ఊరి పెద్దల దగ్గర, మేకలు కాసేవాళ్ల దగ్గర, కట్టెలకు అడవికి పోయే ఆడవాళ్ల దగ్గర కూర్చోండి. వాగుల పేర్లు, చెలమల పేర్లు, మంద నడిచే బాటలు, ఎండాకాలం నీళ్లుండే మడుగులు, దేవర చెట్లు, అన్నీ రాసుకోండి. ఎవరు చెప్పారో వాళ్ల పేరు కూడా రాయండి. ఒక కాపీ పంచాయతీలో ఇవ్వండి, ఒకటి బడిలో పెట్టండి. పటం గీసేవాడు మీ ఊరికి వచ్చినప్పుడు అడగకపోతే, అడగకముందే వెళ్లి చెప్పండి.